సేంద్రియ రాయితీ ఎవరికి అందింది? పేర్ల జాబితాతో తేలేది, తేలనిది

క్లుప్తంగా

సేంద్రియ సాగు కోసం కేంద్ర పథకం హెక్టారుకు కేటాయించే సొమ్ములో సగం కూడా నేరుగా రైతు ఖాతాకు వెళ్లదు. మిగిలినది శిక్షణ, ధ్రువీకరణ, మార్కెటింగ్ పద్దుల కింద సంస్థల ద్వారా ఖర్చవుతుంది. లబ్ధిదారుల పారదర్శకతపై చర్చ మాత్రం రైతుల పేర్లు బయటపెట్టాలా వద్దా అన్న దగ్గరే ఆగిపోతోంది. సమాచార హక్కు చట్టంలో వచ్చిన సవరణతో ఆ చర్చ ఇంకా చిక్కుపడింది. డబ్బు నడిచే దారి, చట్టం ఇప్పుడున్న తీరు, ఐరోపా అనుభవం, మన దగ్గరి సామాజిక తనిఖీ అనుభవం ఈ వ్యాసంలోని అంశాలు.

ఒకే పంటకు రెండు చెల్లింపులు

హైదరాబాద్‌లో సేంద్రియ బియ్యం, పప్పులు, కూరగాయలు అమ్మే దుకాణాలు, వారాంతపు సంతలు ఇప్పుడు కొత్త విషయం కాదు. అక్కడ సరుకు కొనే నగరవాసి ఒకే పంటకు రెండుసార్లు చెల్లిస్తున్నాడు. పన్ను రూపంలో కట్టిన సొమ్ములో కొంత సేంద్రియ సాగు పథకాలకు వెళ్తుంది, దుకాణంలో మామూలు సరుకు కంటే ఎక్కువ ధర చేతి నుంచి పోతుంది. ఈ రెండూ ఒకే మాటను నమ్మి ఇచ్చేవి: ఆ పొలంలో యూరియా చల్లలేదు, పురుగుమందు కొట్టలేదు. ఆ మాటకు రుజువుగా ఉండే కాగితాలు ఎవరి దగ్గర ఉన్నాయి, వాటిలో ఎన్ని జనానికి కనిపిస్తాయి అన్నదే పారదర్శకత ప్రశ్నకు మూలం.

రాయితీ పొందినవారి పేర్లు వెల్లడించాలనే వాదన వినడానికి సూటిగానే ఉంటుంది. ప్రజల సొమ్ము కాబట్టి ప్రజలకు లెక్క తెలియాలి. అయితే సేంద్రియ రాయితీ పింఛను లాంటిది కాదు. పింఛనులో మనిషి ఉన్నాడా, అర్హుడా అన్నది తేలితే చాలు. ఇక్కడ మనిషి, భూమి, ఆ భూమిలో సాగు చేసే పద్ధతి మూడూ నిజం కావాలి. పేర్ల జాబితా మొదటిదాన్ని చూపగలదు, రెండోదాన్ని కొంతవరకు చూపగలదు, మూడోదాన్ని అసలు చూపలేదు.

డబ్బు వచ్చే దారులు

కేంద్రం నుంచి వచ్చే ప్రధాన పథకం పరంపరాగత్ కృషి వికాస్ యోజన. 2015-16లో మొదలైంది. పక్కపక్కన ఉన్న రైతులను 20 హెక్టార్ల చొప్పున సమూహంగా చేర్చి, మూడేళ్లపాటు సాయం అందిస్తుంది. మూడేళ్లు ఎందుకంటే, రసాయనాలు మానేసిన పొలానికి సేంద్రియ గుర్తింపు రావడానికి పంటను బట్టి రెండు మూడేళ్లు పడుతుంది. ఆ కాలంలో దిగుబడి తగ్గవచ్చు, గుర్తింపు లేదు కాబట్టి ధర కూడా పెరగదు. రైతు రెండు వైపులా నష్టపోయే ఆ గండం దాటించడమే రాయితీ ఉద్దేశం. పథకం ఖర్చును మామూలు రాష్ట్రాల్లో కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం చొప్పున భరిస్తాయి. ఈశాన్య, హిమాలయ రాష్ట్రాల్లో ఈ పంపకం 90, 10గా ఉంటుంది. ఈశాన్య రాష్ట్రాలకు సేంద్రియ విలువ గొలుసు అభివృద్ధి పేరిట విడిగా ఒక పథకం కూడా ఉంది.

2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం జాతీయ ప్రకృతి సేద్య మిషన్‌ను ఆమోదించింది. దీని మొత్తం వ్యయం రూ.2,481 కోట్లు, ఇందులో కేంద్రం వాటా రూ.1,584 కోట్లు, రాష్ట్రాల వాటా రూ.897 కోట్లు. 15,000 సమూహాలు, 7.5 లక్షల హెక్టార్లు, కోటి మంది రైతులు, 10,000 జీవ ఉత్పాదకాల కేంద్రాలు అన్నవి లక్ష్యాలు. ఇందులో రైతుకు ఎకరానికి ఏటా రూ.4,000 చొప్పున రెండేళ్లు ప్రోత్సాహకం ఇస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ 2016 నుంచి నడిపిస్తున్న సామాజిక ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం దీనికంటే పాతది. అందులో బరువంతా ఊళ్లోని మహిళా సంఘాలపై, తోటి రైతులే శిక్షకులుగా మారడంపై ఉంటుంది, నగదు పంపిణీ మీద కాదు.

ఈ మొత్తాలను పెద్ద చిత్రంలో పెట్టి చూడటం అవసరం. రసాయన ఎరువులపై కేంద్రం భరించే రాయితీ 2021-22 నుంచి ఏటా లక్షన్నర కోట్ల రూపాయలకు పైనే ఉంటోంది. పరంపరాగత్ కృషి వికాస్ యోజన కింద 2015-16 నుంచి 2025 జనవరి చివరి వరకు కేంద్రం విడుదల చేసింది సుమారు రూ.2,266 కోట్లు. పదేళ్లలో సేంద్రియ సాగుకు ఈ పథకం నుంచి వచ్చిన మొత్తం ఎరువుల రాయితీలో ఆరు రోజుల ఖర్చుకు కూడా చాలదు. ఎరువుల రాయితీ సొమ్ము కంపెనీకి వెళ్తుంది, రైతుకు తక్కువ ధరగా అందుతుంది. 45 కిలోల యూరియా బస్తాను రూ.266.50కు కొనే రైతు తాను రాయితీ లబ్ధిదారునని అనుకోడు, ఆ జాబితా అడిగేవారూ కనిపించరు. సేంద్రియ రైతు పేరు మాత్రం లబ్ధిదారుల పట్టికలోకి ఎక్కుతుంది. పారదర్శకత చర్చలో ఈ తేడా చాలామంది గమనించనిది.

తెలంగాణలో మరో పోలిక కూడా ఉంది. 2025 జనవరిలో మొదలైన రైతు భరోసా కింద ఎకరానికి ఏటా రూ.12,000 ఇవ్వాలన్నది విధానం. సేద్యం సేంద్రియమా, రసాయనికమా అని అది చూడదు. పరంపరాగత్ కృషి వికాస్ యోజనలో రైతుకు నేరుగా అందేది ఎకరానికి లెక్కగడితే ఏటా సుమారు రూ.2,000. పద్ధతి మార్చుకోకుండానే వచ్చే సొమ్ము, పద్ధతి మార్చుకుంటే వచ్చే సొమ్ముకు ఆరు రెట్లు. ఇంత చిన్న మొత్తం కోసం ఎవరైనా దొంగ లెక్కలు రాస్తారా అన్న అనుమానం సహజమే. దాని జవాబు తరువాతి లెక్కలో దొరుకుతుంది.

హెక్టారు లెక్క విప్పితే

2022-23 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం హెక్టారుకు మూడేళ్లకు రూ.31,500. ఇందులో రూ.15,000 సేంద్రియ ఎరువుల వంటి ఉత్పాదకాల కోసం నేరుగా రైతు బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఒక్కో రైతుకు గరిష్ఠంగా రెండు హెక్టార్లు. మిగిలిన రూ.16,500లో శిక్షణ, అవగాహన, సామర్థ్య పెంపునకు రూ.9,000, మార్కెటింగ్, ప్యాకింగ్, బ్రాండింగ్, విలువ జోడింపునకు రూ.4,500, ధ్రువీకరణకూ అవశేషాల పరీక్షకూ కలిపి రూ.3,000.

అంటే హెక్టారు సొమ్ములో దాదాపు 52 శాతం రైతు ఖాతాకు రాదు. పథకం తొలినాళ్లలో హెక్టారుకు రూ.50,000 ఉండేది, అందులో రూ.31,000, అంటే 62 శాతం, నేరుగా రైతుకు ఇచ్చేవారు. సవరణలో మొత్తమూ తగ్గింది, అందులో రైతు వాటా కూడా 62 నుంచి 48 శాతానికి తగ్గింది. శిక్షణ అక్కర్లేదని ఎవరూ అనరు. జీవామృతం (ఆవు పేడ, మూత్రంతో చేసే ద్రావణం) కలపడం ఒక పూటలో వస్తుంది కానీ, పత్తిలో గులాబీ పురుగును మందు లేకుండా అదుపు చేయడం రెండు మూడు పంటల అనుభవంతో గాని పట్టుబడదు. ధ్రువీకరణ లేకపోతే మార్కెట్లో పేరే లేదు. అయితే ఈ పద్దుల సొమ్ము అందుకునేవి సేవా సంస్థలు, ప్రాంతీయ మండళ్లు, శిక్షణ కేంద్రాలు, ప్రయోగశాలలు. వాటికి వ్యక్తిగత గోప్యత అనే ప్రశ్నే లేదు. ఏ సంస్థ ఎన్ని సమూహాలకు శిక్షణ ఇచ్చింది, ఎన్ని రోజులు ఇచ్చింది, ఎంత బిల్లు తీసుకుంది అన్న వివరాలు ఊరి పేరుతో సహా ప్రకటించడానికి ఏ చట్టమూ అడ్డురాదు.

ఒక్క సమూహం మీద లెక్క వేస్తే విషయం ఇంకా తేటపడుతుంది. 20 హెక్టార్లకు సంస్థల పద్దుల్లో మూడేళ్లకు రూ.3.30 లక్షలు. ఒక సంస్థ వంద సమూహాలను చూసుకుంటే అది రూ.3.30 కోట్లు. రెండు హెక్టార్ల రైతు మూడేళ్లలో అందుకునేది గరిష్ఠంగా రూ.30,000. దొంగ లెక్క రాయాలన్న ప్రలోభం ఎక్కడ ఎక్కువగా ఉంటుందో ఈ రెండు అంకెలు పక్కపక్కన పెడితే చాలు. సమూహంలో పేర్లు నింపడానికి ఆసక్తి చూపేది చాలాచోట్ల రైతు కంటే ముందు సమూహాన్ని కూడగట్టే మధ్యవర్తే.

జాతీయ మొత్తాలు కూడా ఇలాంటి ప్రశ్ననే లేవనెత్తుతాయి. 2025 ఫిబ్రవరి నాటి ప్రభుత్వ లెక్కల ప్రకారం ఈ పథకంలోకి 52,289 సమూహాలు, సుమారు 15 లక్షల హెక్టార్లు, 25.3 లక్షల మంది రైతులు వచ్చారు. విడుదలైన రూ.2,266 కోట్లను హెక్టార్లతో భాగిస్తే సగటున రూ.15,000 పైచిలుకు వస్తుంది. హెక్టారుకు కేంద్రం వాటా కింద రావాల్సింది, కొత్త రేటు ప్రకారం చూసినా, 60 శాతం చొప్పున రూ.18,900, పాత రేటు ప్రకారమైతే రూ.30,000. సమూహాల్లో కొన్ని మూడేళ్ల మధ్యలో ఉండవచ్చు, కొన్నిచోట్ల రెండో మూడో వాయిదా ఆగిపోయి ఉండవచ్చు, కొన్ని సమూహాలు మధ్యలోనే చెదిరిపోయి ఉండవచ్చు. ఈ మూడింటిలో ఏది ఎక్కడ జరిగిందన్నది జాతీయ సగటు చెప్పదు. సమూహంవారీగా వాయిదాల తేదీలు ప్రకటిస్తే ఎవరి పేరూ అవసరం లేకుండానే తెలిసిపోతుంది.

ఇప్పుడు బయట ఉన్నదేమిటి

రైతుల పేర్లు ఊరివారీగా ప్రకటించడం మన దేశానికి కొత్త కాదు. 2019 ఫిబ్రవరిలో మొదలైన పీఎం కిసాన్ వెబ్‌సైట్‌లో రాష్ట్రం, జిల్లా, మండలం, గ్రామం ఎంచుకుంటే లబ్ధిదారుల జాబితా వస్తుంది. ఏటా రూ.6,000 అందుకునేవారి పేర్లు అందులో ఉంటాయి. అయినా అనర్హులు చేరారు: 42 లక్షల మందికి పైగా అనర్హుల ఖాతాల్లో సుమారు రూ.3,000 కోట్లు పడ్డాయని 2021 జులైలో కేంద్రమే పార్లమెంటుకు చెప్పింది. వీరిని పట్టించింది ప్రధానంగా ఆదాయపు పన్ను వివరాలతో సరిపోల్చడం. ఊళ్లో జాబితా చదివి ఫిర్యాదు చేసినవాళ్ల పాత్ర తక్కువ. జాబితా బయట ఉండటం అవసరమే గాని, దాన్ని పోల్చి చూసే మరో ఆధారం లేకపోతే అది గోడమీది కాగితంగానే మిగిలిపోతుంది.

సేంద్రియ రంగంలో పోల్చడానికి పనికొచ్చే ఆధారాలు విడివిడిగా ఉన్నాయి. ఎగుమతుల కోసం 2001 నుంచి నడుస్తున్న జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం కింద మూడో పక్షం సంస్థలు ధ్రువీకరిస్తాయి. సరుకు పొలం నుంచి ఓడ దాకా నడిచిన దారిని ట్రేస్‌నెట్ అనే ఆన్‌లైన్ వ్యవస్థ నమోదు చేస్తుంది. దేశీయ మార్కెట్ కోసం భాగస్వామ్య హామీ వ్యవస్థ ఉంది. ఇందులో కనీసం ఐదుగురు రైతులు ఒక బృందంగా చేరి, ఒకరి పొలాన్ని ఒకరు పరిశీలించి, ఒకరికొకరు పూచీ ఇస్తారు. ప్రాంతీయ మండలి ఆమోదిస్తుంది. ఘజియాబాద్‌లోని జాతీయ సేంద్రియ, ప్రకృతి వ్యవసాయ కేంద్రం పర్యవేక్షిస్తుంది. తెలంగాణలో హైదరాబాద్ కేంద్రంగా రాష్ట్ర విత్తన, సేంద్రియ ధ్రువీకరణ సంస్థ పనిచేస్తోంది. రాయితీ లెక్కలు వ్యవసాయ శాఖ దగ్గర, ధ్రువపత్రాలు ఈ సంస్థల దగ్గర, భూమి రికార్డు రెవెన్యూ శాఖ దగ్గర, ఎరువుల అమ్మకాల రికార్డు దుకాణంలోని వేలిముద్ర యంత్రం ద్వారా మరో చోట. నాలుగూ ఒకే పొలం గురించి మాట్లాడతాయి గాని ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు.

సమాచార హక్కు చట్టం మార్పు

2005 నాటి సమాచార హక్కు చట్టం ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంది. సెక్షన్ 4(1)(బి)లోని పన్నెండో అంశం ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థా రాయితీ పథకాలు అమలుచేసే తీరు, కేటాయించిన మొత్తాలు, లబ్ధిదారుల వివరాలు తనంతట తానే ప్రకటించాలి. ఎవరో దరఖాస్తు పెట్టేదాకా ఆగనక్కర్లేదు. స్థానిక భాషను దృష్టిలో పెట్టుకోవాలని కూడా అదే సెక్షన్ చెబుతుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో తలా ఒక తీరుగా రాసిన పేర్లతో వచ్చే పట్టికలో సొంత ఊరి పేరే వెతుక్కోవాల్సి వచ్చిన తెలుగు రైతుకు ఆ మాట విలువ తెలుస్తుంది.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, తన సెక్షన్ 44(3) ద్వారా సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ని మార్చింది. 2025 నవంబరులో ఆ మార్పు అమల్లోకి వచ్చింది. అంతకుముందు వ్యక్తిగత సమాచారం నిరాకరించాలంటే దానికి ప్రజా కార్యకలాపంతో సంబంధం లేదనో, వెల్లడిస్తే గోప్యతకు అకారణంగా భంగం కలుగుతుందనో అధికారి చూపాల్సి వచ్చేది. పార్లమెంటుకో శాసనసభకో నిరాకరించలేని సమాచారాన్ని పౌరుడికీ నిరాకరించరాదన్న వాక్యం కూడా ఉండేది. సవరణ తర్వాత మిగిలింది ఒక్క మాట: వ్యక్తిగత సమాచారానికి సంబంధించినది అయితే ఇవ్వనక్కర్లేదు. రాయితీ పొందిన రైతు పేరు వ్యక్తిగత సమాచారమే కదా అని ఫైలు మూసేయడానికి ఇది తేలిక దారి.

అయితే తలుపు పూర్తిగా మూసుకోలేదు. మూడు నిబంధనలు ఇంకా నిలిచి ఉన్నాయి. తనంతట ప్రకటించాలన్న సెక్షన్ 4ను ఎవరూ ముట్టుకోలేదు. వెల్లడి వల్ల కలిగే ప్రజాప్రయోజనం హాని కంటే ఎక్కువైతే ఇవ్వవచ్చన్న సెక్షన్ 8(2) అలాగే ఉంది. మూడోది తక్కువగా ప్రస్తావనకు వస్తుంది: ఏదైనా చట్టం ప్రకారం బహిరంగపరచాల్సిన బాధ్యత ఉండి బయటపెట్టిన వ్యక్తిగత సమాచారానికి తాను వర్తించనని కొత్త చట్టమే తన సెక్షన్ 3లో చెబుతోంది. రాయితీ లబ్ధిదారుల వివరాలు ప్రకటించాలని సమాచార హక్కు చట్టం బాధ్యత పెట్టింది కాబట్టి, ఈ మినహాయింపు వాటికి వర్తిస్తుందన్న వాదన బలంగానే నిలుస్తుంది. రెండు చట్టాల మధ్య ఈ సందులో ఏ అర్థం నెగ్గుతుందన్నది సమాచార కమిషన్ల, న్యాయస్థానాల నిర్ణయాలను బట్టి తేలాల్సిన విషయం.

గోప్యత వాదనను కొట్టిపారేయడం కూడా తగదు. 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. పేరు, ఊరు, విస్తీర్ణం, అందిన మొత్తం ప్రకటించడం వేరు; ఆధార్, బ్యాంకు ఖాతా, ఫోన్ నంబర్లు కలిపి పెట్టడం వేరు. రెండోది మోసగాళ్లకు ఇచ్చే తాళంచెవి.

ఐరోపాలో ఏం జరిగింది

ఇదే తగువు ఐరోపా సమాఖ్యలో ముందే నడిచింది. అక్కడ ఉమ్మడి వ్యవసాయ విధానం కింద రైతులకు ఇచ్చే సొమ్ము సమాఖ్య బడ్జెట్‌లోని అతిపెద్ద పద్దుల్లో ఒకటి. సేంద్రియ సాగుకు మారేందుకు, మారాక కొనసాగించేందుకు ఇచ్చే సాయం కూడా అందులో భాగమే. పాత్రికేయుల, పౌర సంస్థల ఒత్తిడితో 2009 నుంచి సభ్యదేశాలన్నీ లబ్ధిదారుల పేర్లు, మొత్తాలు ఇంటర్నెట్‌లో పెట్టాల్సి వచ్చింది. జర్మనీలోని హెస్సే రాష్ట్రానికి చెందిన ఒక వ్యవసాయ భాగస్వామ్య సంస్థ, ఒక రైతు దీనిపై కోర్టుకెక్కారు. 2010 నవంబరు 9న ఐరోపా న్యాయస్థానం తీర్పు ఇచ్చింది. మొత్తం ఎంత, ఎంతకాలం, ఏ రకం సాయం అన్న భేదం చూడకుండా వ్యక్తులందరి పేర్లూ ఒకే తీరుగా బయటపెట్టడం అవసరానికి మించిన చర్య అని ఆ భాగాన్ని కొట్టేసింది. కంపెనీలు, సంస్థల పేర్ల విషయంలో మాత్రం వెల్లడి చెల్లుతుందని చెప్పింది.

ఆ తీర్పుతో వ్యక్తుల పేర్లు తొలగించారు. 2013లో కొత్త నియమాలు రాసుకుని మళ్లీ ప్రకటించడం మొదలుపెట్టారు. ఈసారి చిన్న రైతుల పథకం పరిమితికి, అంటే గరిష్ఠంగా 1,250 యూరోలకు, లోబడి పొందినవారి పేరు బదులు సంకేతం ఇచ్చారు. అంతకు మించి పొందినవారికి పేరు, ఊరు, ఏ పద్దు కింద ఎంత అన్నది విడివిడిగా చూపారు. ఏటా మే 31 లోపు ప్రకటించి, రెండేళ్లపాటు వెబ్‌సైట్‌లో ఉంచి తీసేయాలన్నారు. సొమ్ము ఏ ప్రయోజనం కోసమో కూడా చెప్పాలన్న నిబంధన వల్లనే సేంద్రియ సాయం మిగతా సాయంలో కలిసిపోకుండా విడిగా కనిపిస్తుంది.

ఇందులో మనకు పనికొచ్చేది ఆ 1,250 యూరోల అంకె కాదు. ఆ గీతను యథాతథంగా ఇక్కడ గీస్తే సేంద్రియ రైతుల్లో దాదాపు ఒక్కరి పేరూ కనిపించదు. పనికొచ్చేది తీర్పులోని తర్కం: చిన్న మొత్తం పొందిన వ్యక్తికి ఎక్కువ గోప్యత, పెద్ద మొత్తం పొందిన సంస్థకు అసలు గోప్యత లేకపోవడం. అమెరికా మరో దారి పట్టింది. అక్కడ ధ్రువీకరణ ఖర్చులో 75 శాతం వరకు, ఒక్కో విభాగానికి 750 డాలర్లు మించకుండా తిరిగి చెల్లించే పథకం ఉంది. ధ్రువీకరణ పొందిన ప్రతి క్షేత్రం, ప్రతి కంపెనీ పేరు వ్యవసాయ శాఖ నడిపే బహిరంగ జాబితాలో దొరుకుతుంది. సొమ్ము ఎవరికి అందిందో కన్నా సేంద్రియమని చెప్పుకునే హక్కు ఎవరికి ఉందో అక్కడ ముందు తెలుస్తుంది. కొనేవాడికి కావలసింది కూడా అదే.

ఊరు చూడగలది, కాగితం చూడలేనిది

సామాజిక తనిఖీ అనే మాటకు హైదరాబాద్‌తో దగ్గరి సంబంధం ఉంది. ఉపాధి హామీ పనులపై ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006లోనే తనిఖీలు మొదలుపెట్టి, 2009లో దానికోసం ప్రత్యేక సొసైటీని ఏర్పాటు చేసింది. కూలీల కుటుంబాల నుంచే వచ్చిన యువకులు మస్టర్లు (పని హాజరు పట్టికలు) పట్టుకుని ఇంటింటికీ వెళ్లి, ఇన్ని రోజులు పనిచేశావా, ఇంత అందిందా అని అడిగి, గ్రామసభలో చదివి, మండల ప్రజావేదికలో అధికారుల ముందు పెట్టేవారు. చనిపోయినవారి పేర్లు, ఊళ్లో లేనివారి పేర్లు అలా బయటపడ్డాయి.

ఆ పద్ధతిని సేంద్రియ సాగుకు తెస్తే సగం పని తేలికగా అవుతుంది. సమూహంలో పేరు ఉన్న రైతుకు ఆ సంగతి తెలుసా, శిక్షణకు ఎన్నిసార్లు పిలిచారు, ఖాతాలో ఎంత పడింది, డ్రమ్ములు, వేపపిండి ఇచ్చినట్టు రాసినవి నిజంగా ఇచ్చారా అన్నవి అడిగితే తేలే ప్రశ్నలు. రెండో సగం కష్టం. తవ్విన చెరువు కంటికి కనిపిస్తుంది, చల్లకుండా మానేసిన యూరియా కనిపించదు. తనిఖీ రోజున గట్టుమీద జీవామృతం డ్రమ్ము పెట్టి చూపించడం ఎవరికైనా సాధ్యమే. ప్రయోగశాల పరీక్ష పురుగుమందుల అవశేషాలను కొంతవరకు పట్టుకుంటుంది గాని, రసాయన ఎరువు వేశారా లేదా అన్నది పంట గింజలో తేల్చడం తేలిక కాదు. హెక్టారుకు ధ్రువీకరణ, పరీక్ష కలిపి రూ.3,000 అంటే ప్రతి పొలం, ప్రతి పంట పరీక్షించే ఊహే లేదు. తెలంగాణలో సుమారు ఐదు వేల ఎకరాలకు ఒక వ్యవసాయ విస్తరణాధికారి చొప్పున ఉన్న వ్యవస్థలో ఏఈఓ ప్రతి సేంద్రియ మడిలోకీ దిగి చూడటం కూడా జరిగేది కాదు.

ఎరువుల అమ్మకాల రికార్డుతో పోల్చవచ్చు గదా అన్నది తరచూ వినిపించే సూచన. రాయితీ ఎరువు కొనేటప్పుడు గుర్తింపు నమోదవుతుంది కాబట్టి, సేంద్రియ జాబితాలో ఉన్న రైతు యూరియా కొన్నాడా అని ప్రభుత్వం చూడగలదు. సూచన మంచిదే, అయితే జాగ్రత్తగా వాడాల్సింది. ఐదెకరాలున్న రైతు ఒక ఎకరాన్నే సేంద్రియానికి రాసి, మిగతా నాలుగెకరాలకు యూరియా కొనడం నేరం కాదు. కౌలుదారు కోసం భూయజమాని కొని ఇవ్వడమూ మామూలే. కాబట్టి సరిపోలిక నేరానికి రుజువు కాదు. ఏ పొలానికి ముందు వెళ్లాలో చెప్పే గుర్తు మాత్రమే. దీన్ని పేర్లతో బయటపెట్టనక్కర్లేదు. ఏ సమూహంలో ఎంత శాతం మంది అలా కొన్నారన్న అంకె చాలు.

యూరియా ఎవరు చల్లారో నిజంగా తెలిసినది పక్క పొలం రైతుకు. భాగస్వామ్య హామీ వ్యవస్థ బలమూ ఇదే, బలహీనతా ఇదే. పక్కవాడికి తెలుసు, కాని పక్కవాడితో ఏళ్ల తరబడి నీళ్లు, దారి, గట్టు పంచుకోవాలి. తోటివాడి ధ్రువపత్రం పోయేలా ఎవరు మాట్లాడతారు? బృందంలో ఒకరి తప్పు అందరి గుర్తింపునూ దెబ్బతీస్తే మౌనం ఇంకా గట్టిపడుతుంది. అందువల్ల ఊరి జాబితాను ఊళ్లోనే చదివించి ఊరుకోవడం కంటే, పక్క మండలం రైతులతో పరిశీలన జరిపించడం మేలనే వాదనకు పస ఉంది.

కౌలుదారు ఎక్కడ

లబ్ధిదారుల జాబితా అసలు ఎవరిని లబ్ధిదారుగా గుర్తిస్తుందన్నది మరో చిక్కు. రికార్డులో ఉండేది పట్టాదారు పేరు. సాగు చేసేది కౌలు రైతు కావచ్చు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011 నాటి సాగుదారుల చట్టం రుణ అర్హత కార్డులు ఇచ్చింది గాని కౌలు నోటిమాట మీద నడిచే చోట వాటి వాడకం పరిమితమే. ఆంధ్రప్రదేశ్ 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చి కార్డు పద్ధతిని మార్చింది. ఏడాది ఏడాదికి భూమి మారే కౌలుదారుకు మూడేళ్ల సేంద్రియ మార్పిడి కాలం చేతికందదు. మూడో ఏడు నేల కోలుకుని, ధర పలికే వేళకు యజమాని భూమి వెనక్కి తీసుకోవచ్చు. జాబితాలో పేరు యజమానిది, శ్రమ మరొకరిది అయినప్పుడు ఆ జాబితా ఎంత పారదర్శకంగా ఉన్నా తప్పు మనిషినే చూపిస్తుంది. సాగుదారు పేరు కోసం పట్టికలో వేరే గడి పెట్టనంతవరకు ఇది తీరదు.

నమ్మకం పోతే పడే ధర

రాయితీ లెక్కలు, ధ్రువపత్రాలు విడివిడిగా ఉండటం వల్ల కలిగే నష్టం రైతుదాకా వస్తుంది. భారత్‌లోని సేంద్రియ ధ్రువీకరణ పర్యవేక్షణకు ఇచ్చిన గుర్తింపును అమెరికా వ్యవసాయ శాఖ 2021 జనవరిలో రద్దు చేసింది. 2022 జులై వరకు గడువిచ్చింది. ఆ తర్వాత అమెరికాకు సరుకు పంపాలంటే అక్కడి వ్యవస్థ గుర్తించిన ధ్రువీకరణ సంస్థల దగ్గరే మళ్లీ నమోదు కావాల్సి వచ్చింది. తప్పు చేయని రైతుకూ అదే ఖర్చు, అదే ఆలస్యం.

హైదరాబాద్ దుకాణంలో కొనేవాడికి ఉన్న రక్షణ ఇంకా పలుచన. ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2017లో తెచ్చిన సేంద్రియ ఆహార నిబంధనల ప్రకారం సేంద్రియమని అమ్మే సరుకుకు పైన చెప్పిన రెండు ధ్రువీకరణ వ్యవస్థల్లో ఏదో ఒకటి ఉండాలి. ఏడాదికి రూ.12 లక్షల లోపు అమ్మకాలున్న చిన్న ఉత్పత్తిదారు నేరుగా వినియోగదారుకు అమ్మితే మినహాయింపు ఉంది. చిన్న రైతును కాగితాల భారం నుంచి కాపాడేందుకు పెట్టిన ఈ వెసులుబాటు సమంజసమే. కాని వారాంతపు సంతలో బల్ల వెనుక నిలబడ్డ మనిషి పండించినవాడో, టోకు మార్కెట్లో కొని తెచ్చినవాడో తేల్చుకునే దారి కొనుగోలుదారుకు లేదు. రాయితీ పొందిన సమూహాల పట్టికలో ఊరు, పంట, ధ్రువపత్రం సంఖ్య, అది చెల్లే తేదీ ఉంటే ఆ దారి కొంత ఏర్పడుతుంది. రాయితీకి, ధ్రువపత్రానికి, పొలానికి ఒకే సంఖ్య ఇచ్చి ముడిపెడితే పేర్ల గోప్యతకు భంగం లేకుండానే ఇది సాధ్యం.

అంతవరకూ ఆగకుండా పౌరులు ఇప్పుడే అడగగలిగిన సమాచారం ఉంది. తమ జిల్లాలో సేంద్రియ సమూహాలకు శిక్షణ, ధ్రువీకరణ, మార్కెటింగ్ పద్దుల కింద ఏ సంస్థకు ఎంత చెల్లించారు, ఏ తేదీల్లో, ఏ ఊళ్లకు, మూడో ఏడు పూర్తయ్యాక ఎన్ని సమూహాలకు ధ్రువపత్రం వచ్చింది అన్న నాలుగు ప్రశ్నల్లో ఒక్క వ్యక్తి పేరు కూడా లేదు కాబట్టి మారిన 8(1)(జె) వాటికి తగలదు. ఉమ్మడి రాష్ట్రంలో 2005లో చేసిన నిబంధనల ప్రకారం దరఖాస్తు రుసుము గ్రామస్థాయి కార్యాలయంలో లేదు, మండలస్థాయిలో రూ.5, ఆపైన రూ.10. జవాబుకు గడువు 30 రోజులు.